ఆ నొప్పికో తేదీ ఉంది

రాత్రి రెండు దాటింది. విశాఖలోని కూర్మన్నపాలెం జంక్షన్ నుంచి నాలుగు సందులు లోపలికి వెళ్తే వచ్చే రేకుల ఇంట్లో, ఆమె గోడకి ఆనుకుని గచ్చు మీద కూర్చుని ఉంది. భర్త స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడు. ఆ వారం సి-షిఫ్టు. పొద్దున్న ఆరింటికి గాని దిగడు. పిల్ల పక్క గదిలో నిద్రపోతోంది. కుడి పిరుదు లోపల మొదలైన నొప్పి తొడ వెనకగా దిగి, పిక్క దాటి, పాదం అంచు దాకా లాగుతోంది. పడుకుంటే ఎక్కువవుతోంది. నిలబడితే కాలు ఆనడం లేదు.

అలికిడికి అత్తగారు లేచింది. 

"ఓలమ్మా, మల్లీ కాలేనేటే? మొన్ననే కదేటి సూది పొడిపించుకున్నావు!"

"మొన్న కాదత్తా. పోయిన నెల."

ముసలావిడ ఇంకేం అనలేదు. పొయ్యి వెలిగించి మూకుట్లో ఇసుక వేడి చేసింది. పాత చీర ముక్కలో మూట గట్టి తెల్లారేదాకా కాపడం పెట్టింది. 

జబ్బేమిటో తేల్చడానికి కావలసిన మాట ఆ రాత్రే ఆ ఇంట్లో బయటికి వచ్చేసింది. "పోయిన నెల." దాన్ని పట్టుకునే మనిషి దొరకడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

ఈ గాథలో ఆమెకు మేం పేరు పెట్టలేదు. ఇది ఫలానా ఇంటి ఫలానా మనిషి కథ కాదు. కాలి నరానికీ, వెన్నుపాముకీ ఎండోమెట్రియోసిస్ పాకిన స్త్రీల గురించి 1955 నుంచి వైద్య పత్రికల్లో నివేదికలు వస్తున్నాయి. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే క్రమాన్ని ఒక మనిషి చుట్టూ, మన ఊరి చుట్టూ అల్లి చెబుతున్నాం. జబ్బు నడిచిన తీరు, పరీక్షలు, చికిత్స వైద్యులు రాసిపెట్టినవే. ఇల్లూ వాకిలీ, మాటలూ మాత్రం మా కూర్పు.

రిపోర్టులో ఒక్క వాక్యం

ఆమెది ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన నిర్వాసితుల కుటుంబం. వీధిలో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు, బడి పిల్లల యూనిఫారాలు ఆమె తన మిషను మీదే కుడుతుంది. కాలితో తొక్కే మిషను. అందుకని నొప్పి మొదలైన కొత్తలో ఇంట్లో వాళ్లకీ, వీధిలో వాళ్లకీ ఒకటే తోచింది. "రోజంతా మిషను తొక్కితే నరం పట్టేయదా మరి?"

మొదట వీధి చివర ఆర్‌ఎంపీ నొప్పి సూది వేశాడు. నాలుగు రోజుల్లో తగ్గింది. మళ్లీ వచ్చింది. మళ్లీ సూది, మళ్లీ తగ్గింది. ఏడాది ఇలాగే గడిచింది. ఆమెకి ఆ సూది మీద నమ్మకం కుదిరిపోయింది. ఈ జబ్బు మనిషిని మోసం చేసేది ఇక్కడే. నెలసరితో వచ్చే నొప్పి ఆ నాలుగైదు రోజులు గడిస్తే మొదట్లో దానంతటదే తగ్గుతుంది. ఆ రోజుల్లో ఏ మందు వాడితే ఆ మందుకి పేరొస్తుంది. నూనె రాస్తే నూనె, పసరు కడితే పసరు, సూది వేస్తే సూది.

రెండో ఏడు గాజువాకలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఎక్స్‌రే తీశారు, నడుముకి ఎంఆర్‌ఐ తీశారు. ఎల్4-ఎల్5 పూసల మధ్య డిస్క్ కొద్దిగా ఉబ్బిందని రిపోర్టు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు, జబ్బుకి పేరు దొరికింది కదా అని. నడుముకి బెల్టు వచ్చింది, ఫిజియోథెరపీ వచ్చింది, మిషను తొక్కొద్దన్న ఆంక్ష వచ్చింది. మిషను ఆగడంతో ఆ ఇంటి రాబడిలో ఒక పాయ ఎండిపోయింది. నొప్పి మాత్రం తన రోజు తప్పలేదు.

డిస్క్ ఉబ్బడం అబద్ధం కాదు. కానీ అది నొప్పికి కారణమని రుజువూ కాదు. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. నడుము నొప్పి లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీసి చూస్తే, వారిలో 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్క్ ఉబ్బి కనిపించింది. ఏ బాధా లేని మనుషుల్లో సగానికి పైగా! స్కానింగులో ఏదో ఒకటి కనిపించడం వేరు, బాధపెడుతున్నది అదేనని తేలడం వేరు. ఆమె విషయంలో రిపోర్టులోని ఆ వాక్యం దగ్గరే అందరి చూపూ ఆగిపోయింది. ఈ నొప్పి రోజూ ఉంటుందా, కొన్నాళ్లే ఉంటుందా అని అడిగినవాళ్లు లేరు. ఆమె తనంతట తాను చెప్పలేదు. కాలి నొప్పికీ, నెలసరికీ సంబంధం ఉంటుందని ఆమెకెలా తెలుస్తుంది? 

"సంచి తీయించేయ్"

పొత్తికడుపు నొప్పి ఆమెకి కొత్త కాదు. పదో తరగతి చదివే రోజుల నుంచీ ఉంది. నెలసరి మొదటి రెండు రోజులూ లేవలేకపోయేది. "పెళ్లయితే తగ్గుతుంది" అంది తల్లి. పెళ్లయింది, తగ్గలేదు. "కాన్పయితే సర్దుకుంటుంది" అన్నారు. పాప పుట్టాక కొన్నాళ్లు నిజంగానే సర్దుకుంది, తరవాత మళ్లీ మొదలైంది. ఇక ఆమే ఆ మాట ఎత్తడం మానేసింది.

ఈసారి తోటికోడలు సలహా ఇచ్చింది. "నాకూ ఇలాగే నడుం నొప్పి, కాలు పీకుడూ ఉండేవి. సంచి తీయించేశాను. పీడా పోయింది. పాప ఉంది కదా, ఇంకెందుకు నీకు?"

ఈ సలహా మన ఊళ్లలో ఎంత తేలిగ్గా దొరుకుతుందో అంకెలే చెబుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణలో 7.7 శాతం. తెలుగు ఆడవాళ్ల కడుపులో ఏ బాధ వచ్చినా చివరికి కత్తి గర్భసంచి మీదికే వెళ్తోంది.

ఎండోమెట్రియోసిస్ ఉన్న మనిషికి ఈ సలహా రెండు విధాలా నష్టం. ఈ జబ్బులో గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం, ఉండకూడని చోట పెరుగుతుంది. సాధారణంగా అండాశయాల మీద, గర్భసంచి వెనక, పేగుల మీద, మూత్రాశయం మీద. అరుదుగా సిజేరియన్ కుట్ల దగ్గర, బొడ్డులో, ఊపిరితిత్తుల పొరల మీద. మరీ అరుదుగా కాలికి వెళ్లే పెద్ద నరమైన సయాటిక్ మీద, వెన్నుపాములో, మెదడులో. దాన్ని పెంచేది ఈస్ట్రోజన్ హార్మోను. ఆ హార్మోను వచ్చేది ప్రధానంగా అండాశయాల నుంచి. గర్భసంచిని తీసేసి, వెన్నులో గడ్డను అలాగే ఉంచేస్తే నెలసరి ఆగుతుంది గానీ జబ్బు ఆగదు. పైగా నెలసరి అన్న ఆనవాలు కూడా పోతుంది. అప్పుడిక ఆ నొప్పి తేదీల ప్రకారం వస్తోందని కనిపెట్టడం ఇంకా కష్టం.

ఆమె ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు. ధైర్యం వల్ల కాదు, డబ్బు లేక. ఆ లేమి ఆమెను కాపాడింది.

చెప్పు జారిన రోజు

మూడో ఏడు నొప్పి స్వభావం మారింది. మునుపు నాలుగు రోజులుండి పోయేది కాస్తా వారం, పది రోజులు ఉండసాగింది. నొప్పి లేని రోజులు తగ్గిపోయాయి. సయాటిక్ నరానికి ఈ జబ్బు వచ్చిన స్త్రీల నివేదికల్లో వైద్యులు రాసిన తీరు ఇదే. మొదట నెలసరికి కాస్త ముందు మొదలై ఆ రోజులతో ముగుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ విరామం తగ్గుతుంది. చివరికి ఎడతెగని నొప్పి అవుతుంది. అప్పటికి నరం దెబ్బతింటుంది. 

ఒకరోజు పాపను బడి దగ్గర దింపి వస్తూ జాతీయ రహదారి దాటుతోంది. నాలుగడుగులు వేశాక వెనక నుంచి ఎవరో కేకేశారు, "అమ్మా, మీ చెప్పు!" చూసుకుంటే కుడి కాలికి చెప్పు లేదు. జారిపోయిన సంగతే తెలియలేదు. వెనక్కి వెళ్లి తొడుక్కుంది. మళ్లీ జారింది. వేళ్లతో చెప్పును పట్టి ఉంచే బలం ఆ పాదంలో లేదు. లారీలు హారన్లు కొడుతుంటే చెప్పు చేత్తో పట్టుకుని రోడ్డు దాటింది. 

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని ఎవరూ చూడకుండా పాదం పెడలు మీద పెట్టింది. మడమతో నొక్కగలుగుతోంది. మునివేళ్ల వైపు పైకెత్తుదామంటే పాదం లేవడం లేదు. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. వారం నుంచి మూత్రం సరిగా రావడం లేదు. వెళ్లాలనిపిస్తుంది, ఎంతసేపు కూర్చున్నా రాదు. కూర్చునే చోట చర్మం మొద్దుబారినట్టుంది.

ఈ మూడింటిలో ఏది కనిపించినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. పాదం వాలిపోవడం, మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య స్పర్శ తగ్గడం వెన్నుపాము చివరిభాగం గానీ, అక్కడి నుంచి దిగే నరాలు గానీ నలుగుతున్నాయనడానికి గుర్తులు. కారణం డిస్క్ అయినా, గడ్డ అయినా, రక్తస్రావం అయినా, ఆలస్యమైనకొద్దీ పోయిన శక్తి తిరిగి రావడం కష్టమవుతుంది.

ఆ రాత్రి కడుపు ఉబ్బిపోయి ఆమె ఏడుస్తుంటే భర్త ఆటో పిలిచాడు.

అడిగిన మాట

నగరంలోని ఓ బోధనాసుపత్రి. అత్యవసర విభాగంలో గొట్టం వేసి మూత్రం తీశారు. తెల్లవారాక ఎంఆర్‌ఐ. ఈసారి నడుముతో ఆపకుండా వీపు పూసల దాకా తీశారు. మన వెన్నుపాము నడుం చివరిదాకా ఉండదు. పెద్దవాళ్లలో అది నడుము మొదటి పూస దగ్గరే సన్నగా ముగిసిపోతుంది. ఆ మొనని కోనస్ అంటారు. ఆమెకు సరిగ్గా ఆ కోనస్ లోపల గడ్డ కనిపించింది. లోపల పాత రక్తం ఉన్న ఛాయలు. మొదట చేసిన ఎంఆర్‌ఐ నాటికి అది కంటికి ఆనేంత లేదో, ఉన్నా డిస్క్ దగ్గరే చూపు ఆగిపోయిందో ఇప్పుడెవరూ చెప్పలేరు. 

"కణితిలా ఉంది. ఆపరేషన్ చేయాలి" అన్నారు. భర్త బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ సాయంత్రం పీజీ చదువుతున్న యువ డాక్టరు కేస్ షీటు రాయడానికి వచ్చింది. మొదటి నుంచీ చెప్పమంది. నొప్పి, సూది, బెల్టు, చెప్పు జారడం... అన్నీ రాసుకుంటూ ఒకచోట పెన్ను ఆపింది.

"నొప్పి వస్తూ పోతూ ఉండేదన్నారు కదమ్మా. వచ్చేటప్పుడు ఎప్పుడొచ్చేది? మీ డేట్‌కి ముందా, తరవాతా?"

ఆమె భర్త వంక చూసింది. డాక్టరు ఆ చూపు గమనించింది. "మీరొక్క నిమిషం బయట ఉండండి" అని అతన్ని పంపింది. 

అతను వెళ్లాక ఆమె నెమ్మదిగా అంది, "ఎప్పుడూ అలా చూసుకోలేదు డాక్టరుగారూ. కానీ... రెండూ ఒకేసారి వచ్చి చంపేసేవి."

"ఇంట్లో పాత చీటీలు ఉన్నాయా? డేట్ ఎక్కడైనా రాసుకుంటారా?"

మర్నాడు అత్తగారు, పాప కలిసి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చారు. అందులో మందుల చీటీలు, సూదికి డబ్బులిచ్చిన రసీదులు, గోడ మీది పాత క్యాలెండర్లు. పంచాంగం, పండగలు ఉండే పెద్ద క్యాలెండరే ఆ ఇంటి లెక్కల పుస్తకం. పాలు రాని రోజుకి సున్నా. గ్యాస్ బండ మార్చిన రోజుకి 'గ్యా'. చీటీ పాట రోజుకి ఒక గీత. వీటి మధ్య నెలకొకచోట, తేదీ అంకె కింద మూలగా, ఎర్ర పెన్నుతో చిన్న చుక్క.

"ఈ చుక్కలేంటమ్మా?" అడిగింది ఎనిమిదో తరగతి చదివే పాప.

ఆమె క్షణం తటపటాయించి, "నా డేట్‌లే" అంది. అత్తగారు ముఖం తిప్పుకోలేదు. మంచం పట్టె మీద కూర్చుని చీటీలు ఒక్కొక్కటే మనవరాలి చేతికి అందించింది. పిల్ల తేదీ చదివింది. డాక్టరు క్యాలెండరులో వెతికింది. మార్చి 11 చీటీ, 10న చుక్క. ఏప్రిల్ 7 చీటీ, 8న చుక్క. మే 5 చీటీ, 5న చుక్క. నాలుగో చీటీకే విషయం తేలిపోయింది. అయినా పిల్ల సంచీ ఖాళీ అయ్యేదాకా చదువుతూనే ఉంది.

డాక్టరు స్త్రీల వైద్య విభాగానికి కబురు పెట్టింది. పొత్తికడుపు స్కానింగులో ఎడమ అండాశయం మీద పాత రక్తం నిండిన తిత్తి కనిపించింది. వైద్యులు చాక్లెట్ సిస్ట్ అనేది ఇదే. పదో తరగతి నాటి కడుపు నొప్పికీ, ఇప్పటి కాలి నొప్పికీ మధ్య దారి దొరికింది.

మైక్రోస్కోపు చెప్పిన తీర్పు

ఆపరేషన్‌లో వెన్నుపూసల వెనక భాగపు ఎముకను తొలగించి, వెన్నుపామును కప్పి ఉండే పొరను మైక్రోస్కోపు కింద తెరుస్తారు. మిల్లీమీటరు తేడా వస్తే కాళ్లు, మూత్రం, మలం మీద పట్టు పోయే చోటు అది. ఆమె కోనస్‌లోని గడ్డను తాకగానే ముదురు గోధుమ రంగు ద్రవం వచ్చింది. తీయగలిగినంత తీసి పెథాలజీకి పంపారు. అక్కడ ఎండోమెట్రియల్ గ్రంథులు, వాటి చుట్టూ ఉండే కణజాలం, పాత రక్తపు ఇనుమును మింగిన కణాలు కనిపించాయి. కణితి అనుకున్నది కణితి కాదు. వెన్నుపాములో ఎండోమెట్రియోసిస్.

ఇలాంటివి ప్రపంచంలో చాలా కొద్దిగా నమోదయ్యాయి. 1955లో అమెరికాలో డెంటన్, షెరిల్ అనే వైద్యులు సయాటిక్ నరంపై ఎండోమెట్రియోసిస్‌ను వివరించారు. 1962లో మేయో క్లినిక్ వైద్యులు నెలనెలా వచ్చే సయాటికా గురించి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో రాశారు. 1968లో వెన్ను కాలువలోని ఎండోమెట్రియోసిస్ వల్ల మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవంలోకి రక్తం కారిన కేసు న్యూరాలజీ పత్రికలో వచ్చింది. మనకు దగ్గర్లో, మంగళూరు వైద్య బృందం 2006లో న్యూరోసర్జరీ పత్రికలో వెన్నుపాము కోనస్ లోపలే ఈ జబ్బును చూపించింది. ఆ బృందంలోని న్యూరోసర్జన్ అమిత్ అగర్వాల్ ఆ తరవాత మన నెల్లూరులోని నారాయణ మెడికల్ కాలేజీలో పనిచేశారు. 2014లో అమెరికాలోని శాన్ డియాగో వైద్యులు అదే కోనస్ దగ్గర, నెలనెలా కాలి నొప్పితో బయటపడిన మరో కేసును రాశారు. 

అది అక్కడికెలా చేరింది? 1927లో అల్బనీకి చెందిన జాన్ శాంప్సన్ ఒక వివరణ ఇచ్చాడు. నెలసరి రక్తం కొంత ఫెలోపియన్ గొట్టాల గుండా వెనక్కి కడుపులోకి జారి, అందులోని కణాలు అక్కడే నాటుకుంటాయని. కడుపు వరకు ఇది సరిపోతుంది. వెన్నులోకి వెళ్లడానికి ఇంకో దారి కావాలి. 1940లో ఫిలడెల్ఫియాకు చెందిన ఆస్కర్ బాట్సన్ వెన్నుపూసల చుట్టూ ఉండే సిరల వలను పరీక్షించి, వాటికి కవాటాలు లేవనీ, పొత్తికడుపు నుంచి రక్తం వాటిలోకి ఎటైనా పారగలదనీ చూపించాడు. కేన్సరు కణాలు వెన్నుకి చేరే దారిగా ఆయన దాన్ని చెప్పాడు. ఎండోమెట్రియోసిస్‌కీ అదే దారి కావచ్చని ఒక వాదన. గర్భసంచి చుట్టూ ఉండే సన్నని నరాలను పట్టుకుని ఈ కణజాలం పెద్ద నరాల్లోకీ, అక్కడి నుంచి వెన్నువైపుకీ పాకుతుందని మేయో క్లినిక్ పరిశోధకులు తరవాత వాదించారు. ఒక్కో మనిషిలో ఒక్కో దారి నిజం కావచ్చు.

జన్యువుల పాత్రనూ వెతుకుతున్నారు. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు దక్షిణ భారత స్త్రీలలో ఈ జబ్బు ముదిరిన దశలకీ, శరీరంలోని విషాలను విరిచే కొన్ని జన్యువుల్లోని తేడాలకీ సంబంధం ఉందేమో పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించారు. తెలుగు నేల మీద ఈ జబ్బును శ్రద్ధగా చూసినవాళ్లు లేకపోలేదు. ఆ శ్రద్ధ ఊళ్లోని క్లినిక్కుల దాకా దిగి రావాలి.

ఆపరేషన్ తరవాత ఆమెకు అండాశయాల పనిని నెమ్మదింపజేసే హార్మోను మందులు మొదలుపెట్టారు. కొన్నాళ్లు సూదులు, ఆ తరవాత రోజూ డైనోజెస్ట్ మాత్ర. నెలసరి ఆగింది. పెరుగుదలకు కావలసిన ఈస్ట్రోజన్ తగ్గిపోతే మిగిలిన కణజాలం నెమ్మదిస్తుంది. మందు మానేస్తే మళ్లీ పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. లాగే నొప్పి కొద్ది వారాల్లోనే పోయింది. మూత్రం మీద పట్టు నెమ్మదిగా వచ్చింది. పాదం మాత్రం పూర్తిగా కోలుకోలేదు. నడిచేటప్పుడు కాలికి ప్లాస్టిక్ స్ప్లింటు పెట్టుకోవాలి. భర్త అప్పు చేసి మిషనుకి మోటారు బిగించాడు.

మూడేళ్ల ఆలస్యానికి ఆమె కట్టిన వెల ఆ పాదం.

ఒక్క ప్రశ్న దూరం

వెన్నుపాములోకి ఈ జబ్బు పాకడం చాలా అరుదు. కాలు లాగినవాళ్లలో ఎక్కువ మందికి కారణం నిజంగా డిస్కే. ఇది చదివి ఎవరూ భయపడనక్కర్లేదు. కానీ ఎండోమెట్రియోసిస్ అరుదు కాదు. పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే ప్రపంచవ్యాప్తంగా సుమారు 19 కోట్ల మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదిమంది ఆడవాళ్లు ఆటో పంచుకుని కూర్మన్నపాలెం నుంచి గాజువాక వెళ్తే, వాళ్లలో ఒకరికి ఉండే జబ్బు ఇది. దాన్ని తేల్చడానికి కడుపుకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే లాపరోస్కోపీ చేసి తీరాలన్న పాత నియమాన్ని కూడా 2022లో యూరోపియన్ నిపుణుల సంఘం సడలించింది. లక్షణాలు, స్కానింగుల ఆధారంగానే చికిత్స మొదలుపెట్టవచ్చు. 

విశాఖలో 1923లో తెరిచిన కింగ్ జార్జ్ ఆసుపత్రిలో స్త్రీల వైద్యమూ, నరాల వైద్యమూ ఒకే ప్రాంగణంలో దొరుకుతాయి. పెద్ద ఊళ్లలోని చాలా బోధనాసుపత్రుల్లో ఈ రెండు విభాగాలూ ఉంటాయి. కొరత ఆ రెండింటి మధ్య అడగవలసిన ఒక్క ప్రశ్నకే. కాలి నొప్పితో వచ్చిన స్త్రీని నెలసరి గురించి అడగాలన్న అలవాటు నరాల వైద్యులకు, ఎముకల వైద్యులకు, ఆర్‌ఎంపీలకు, ఫిజియోథెరపిస్టులకు రావాలి. నెలసరి బాధతో వచ్చిన స్త్రీని కాళ్ల గురించి, మూత్రం గురించి అడగడం స్త్రీల వైద్యులకు అలవాటు కావాలి. అడగడానికి అరనిమిషం పట్టదు. 

అక్కచెల్లెళ్లకు ఒక మనవి. డాక్టరు అడిగేదాకా ఆగకండి. నడుము, పిరుదు, కాలు, భుజం, ఛాతీ... నొప్పి ఎక్కడ వచ్చినా సరే, అది వచ్చిన తేదీ, మీ నెలసరి తేదీ పక్కపక్కన మూడు నెలలు రాయండి. కలుస్తున్నాయనిపిస్తే ఆ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టండి. సిగ్గుపడే మాట ఇందులో ఏదీ లేదు. పాదం లేవకపోయినా, మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఏ తేదీ కోసమూ చూడకుండా అదే పూట పెద్దాసుపత్రికి వెళ్లండి. గర్భసంచి తీయించుకోమని ఎవరన్నా చెబితే, ఎందుకో, దానితో ఈ నొప్పి పోతుందని ఎలా తెలుసో గట్టిగా అడగండి. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకున్నాకే ఒప్పుకోండి.

తల్లులకు, అత్తలకు, భర్తలకు కూడా ఒక మాట. నెలనెలా పిల్ల లేవలేకపోతుంటే "అందరికీ ఉండేదే" అనకండి. అందరికీ ఉండే నొప్పి మనిషిని మంచాన పడేయదు. పెళ్లి దానికి మందు కాదు, కాన్పు మందు కాదు. పదో తరగతిలోనే ఆ పిల్లను స్త్రీల వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పి అని చెప్పిన మొదటి నెలే ఆ పిల్ల మాట నమ్మండి.